ముసలి మోటారుకు దాహం

పిల్లలూ! వేసవిలో వినుకొండ నుంచి గుంటూరు వెళ్లే రోడ్డు చూశారు గదా! మిరపకాయ టిక్కీలు వేసుకుని లారీలూ, ట్రాక్టర్లూ బారులు తీరి పోతూ ఉంటాయి. అప్పుడప్పుడు ఒక పాత బండి రోడ్డు పక్కన ఆగి, ముందు భాగం నుంచి ఆవిరి చిమ్ముతూ కనిపిస్తుంది. డ్రైవరు బకెట్టు పుచ్చుకుని నీళ్లకోసం వెతుకుతూ ఉంటాడు. "పాపం, బండికి దాహం వేసింది" అంటారు చూసినవాళ్లు.

పెట్రోలు తాగే బండికి నీళ్లెందుకు? పోసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? ఈ రెండు సంగతులూ తెలుసుకుందాం.

ఇంజనులో పెట్రోలు మండేటప్పుడు పుట్టే వేడి రెండువేల డిగ్రీలు దాటుతుంది. ఇనుము 1,538 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మరి ఇంజను ఎందుకు కరిగిపోవటం లేదు? ఒక్కొక్క మంట ఉండేది రెప్పపాటు కన్న తక్కువసేపు. అంతేగాక సిలిండర్ల చుట్టూ నీరు తిరుగుతూ ఆ వేడిని ఎప్పటికప్పుడు మోసుకుపోతూ ఉంటుంది. పెట్రోలు ఇచ్చే వేడిలో సుమారు మూడోవంతు ఈ నీళ్లలోకే పోతుంది. వేడెక్కిన నీరు బండి ముందున్న రేడియేటరులోకి వెళ్లి, సన్నని సందులగుండా దిగుతూ, గాలికి చల్లబడి, తిరిగి ఇంజనులోకి వస్తుంది. 1901లో వచ్చిన మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మైబాక్ అనే జర్మను ఇంజనీరు తేనెపట్టు వంటి రేడియేటరు చేశాడు. అందులో 8,070 చిన్న గొట్టాలున్నాయి. గాలి ఆ గొట్టాలగుండా పోతుంటే వాటి చుట్టూ ఉన్న నీరు చల్లారేది.

నీరు దానంతట అదే తిరుగుతుందా? తిరిగే బండ్లు కూడా ఉండేవి. 1908లో మొదలైన ఫోర్డు మోడల్ టి కార్లలో చాలావాటికి పంపే లేదు. వేడినీరు తేలికై పైకి లేచేది, చన్నీరు బరువై కిందికి దిగేది. కాని ఇంజన్ల బలం పెరిగేకొద్దీ ఆ నెమ్మది నడక చాలలేదు. అందుచేత నీటి పంపు పెట్టారు.

అమ్మ మజ్జిగ చిలికేటప్పుడు చూడండి. కవ్వం తిరిగేకొద్దీ మజ్జిగ కుండ అంచులవైపు తోసుకుపోతుంది. పంపులోని రెక్కల చక్రం చేసే పని కూడా అదే. నీటిని అంచులకు విసిరి, అక్కడినుంచి ఇంజనులోకి నెడుతుంది. ఆ చక్రాన్ని తిప్పే ఇరుసును షాఫ్టు అంటారు. షాఫ్టు ఒక కొస నీళ్లలో ఉంటుంది, రెండో కొస బయట బెల్టుతో తిరుగుతుంది. ఇక్కడే చిక్కు వచ్చింది. షాఫ్టు తిరగాలి, నీరు మాత్రం బయటికి రాకూడదు!

1930ల నాటి చాలా మోటార్లలో ఈ చిక్కును ఒక తాడుతో విడదీశారు. నూలుతోగాని నారతోగాని అల్లిన తాడుకు కొవ్వూ, గ్రాఫైటు పొడీ పట్టించి, షాఫ్టు చుట్టూ చుట్టి, పైన ఒక నట్టు బిగించేవారు. మన చేలలో పండే పత్తివంటిదే, చూశారా, మోటారు నీళ్లకు కాపలా కాసింది!

ఇప్పుడు ఒక ఇంట్లో తాతగారి నాటి కారు ఉన్నదనుకోండి. ఏళ్లు గడిచేసరికి తాడులోని కొవ్వు ఎండిపోతుంది. తాడు గట్టిపడి, దుమ్ము చేరి, ఆకురాయిలాగా షాఫ్టును గాడి పడేటట్టు అరగదీస్తుంది. షాఫ్టును పట్టుకునే బుష్షు కూడా అరిగి వదులవుతుంది. బొట్టుబొట్టుగా నీరు కారుతుంది. నట్టు ఇంకా బిగిస్తే తాడు మరింత కోస్తుంది. కొందరు డ్రైవర్లు నీళ్లలో పసుపు పోస్తారు. రేడియేటరుకు పడిన చిన్న చిల్లి దానితో తాత్కాలికంగా మూసుకోవచ్చు. కాని సన్నని గొట్టాలు కూడా మూసుకుపోతాయి. తిరిగే షాఫ్టు దగ్గర పసుపు నిలవనే నిలవదు. నీరు తగ్గిన ఇంజను మండిపోయి, పైనుండే హెడ్డు పగుళ్లిస్తుంది. ఒక్క బొట్టుతో మొదలైనది కారును పాత ఇనుము కొట్టుకు చేరుస్తుంది.

మేస్త్రి దీన్ని ఎలా బాగుచేస్తాడు? ఇంజను బాగా చల్లారాక నీళ్లు వదిలేస్తాడు. బెల్టు, పంకా విప్పి పంపును బయటికి తీస్తాడు. పాత తాడును తడిపి తీయాలి. ఎందుచేతనంటే కొన్నిట్లో రాతినార వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తరువాత మైక్రోమీటరుతో షాఫ్టును రెండు మూడు చోట్ల కొలిచి, ఎంత అరిగిందో చూస్తాడు.

కొత్త షాఫ్టు దుకాణంలో దొరకదు. లేతు మిషను మీద తుప్పు పట్టని ఉక్కుతో చేయించాలి. బుష్షును మాత్రం గన్‌మెటల్‌తో చేస్తారు. అది కంచు జాతి లోహం: నూటికి 88 పాళ్లు రాగి, 10 తగరం, 2 యశదం. బుష్షు షాఫ్టుకన్న మెత్తగా ఎందుకుండాలి? రెండూ రాసుకున్నప్పుడు ఏదో ఒకటి అరగక తప్పదు. అరిగేది సులువుగా మార్చగలిగినదైతే నష్టం తక్కువ! రెంటికీ మధ్య వెంట్రుక మందంకన్న తక్కువ సందు వదులుతారు. అంతకు మించితే షాఫ్టు ఊగి, పంకా రెక్క రేడియేటరును కొట్టే ప్రమాదముంది.

కొత్త తాడు చుట్టి, నట్టును మొదట వేళ్లతోనే బిగిస్తారు. ఇంజను కాసేపు నడిపి, ఆపి, కారుతూ ఉంటే మరికొంచెం బిగిస్తారు. తొందరపడి బిగించినవాడి పంపు తొందరగానే మళ్లీ వస్తుంది.

చివరిది మంచినీటి సంగతి. పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు మీకు తెలిసినవే. ఇటువంటి నేలలోని బోరునీళ్లు కాగినప్పుడు తెల్లని పొర కడుతుంది. ఆ పొర రాగితో పోలిస్తే నూరోవంతు వేడిని కూడా సరిగా పోనివ్వదు. అందుకే పాత రేడియేటరులో శుద్ధిచేసిన మెత్తని నీరు పోయాలి.

ఇంత శ్రమ ఎందుకంటారా? 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని "దక్కన్ క్వీన్" అనే పేరుతో భద్రపరిచారు. దాన్ని చేసిన స్కాట్లండు కంపెనీ పేరుతో ఇప్పుడు బండ్లు రావటం లేదు. ఇటువంటి బండికి భాగం అరిగితే, చేయగల చేతులుంటేనే అది మళ్లీ కదులుతుంది. మీ ఊళ్లో లేతు పని చేసే పెద్దాయన ఉంటే, దూరంగా నిలబడి ఆయన పని చూడండి. తీరిక చూసుకుని అడగండి. అడిగేవారు లేకపోతే ఆ విద్య ఆయనతోనే ఆగిపోతుంది.

ఒక్కమాట గుర్తుంచుకోండి. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎన్నడూ తీయకూడదు. లోపలి నీరు ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. బండికి ఎంత దాహంగా ఉన్నా సరే, అది చల్లారేదాకా ఆగవలసిందే!