240 ఫ్రేములు, ఒక రాత్రి

"ఏమప్పా, నిన్ననే అయితాదంటివి కదా!"

గోరంట్లలో ఇల్లు కట్టుకునే మనిషి త్రీడీ ఎలివేషన్ కోసం వచ్చి ముందు అనే మాట ఇదే. కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, తెర వంక చూస్తాడు. తెర మీద ఆయన ఇల్లు ఉంటుంది, ఇసుక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా. పైన చిన్న అక్షరాల్లో ఫ్రేము 61 అని కనిపిస్తుంది. మొత్తం 240. రెండో ప్రశ్న కూడా ఆయన దగ్గర సిద్ధంగానే ఉంటుంది. "కొత్త కార్డు వేయిస్తే బిరీన అయితాదా?"

అవుతుంది. కానీ ఎంత బిరీన అన్నది లెక్క వేసి చూస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో మారిపోతుంది.

గేటు దగ్గర మొదలై ఇంటి చుట్టూ తిరిగి పోర్టికోలో ఆగే పది సెకన్ల వీడియో అనుకుందాం. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 240 బొమ్మలు. ఒక్కో బొమ్మ తయారవడానికి, అంటే రెండరుకు, ఆరు నిమిషాలు. అందులో ఒక నిమిషం కంప్యూటరు ఇటుకలూ కిటికీలూ చెట్లూ అన్నీ సర్దుకోవడానికే పోతుంది. మిగతా ఐదు నిమిషాలు అసలు వెలుగునీడల లెక్క. 240ని ఆరుతో గుణిస్తే 1,440 నిమిషాలు. సరిగ్గా ఒక రోజు.

ఇప్పుడు పాత గ్రాఫిక్స్ కార్డు తీసి దానికి రెట్టింపు వేగమున్న కార్డు పెట్టాం. సగం రోజులో అయిపోవాలి కదా? అవదు. కార్డు తగ్గించేది ఆ ఐదు నిమిషాలనే. వాటిని రెండున్నర చేస్తుంది. సర్దుకునే నిమిషం ప్రాసెసరు పని, అది అలాగే ఉంటుంది. ఫ్రేముకు మూడున్నర నిమిషాలు, మొత్తం 14 గంటలు. పాతిక ముప్పై వేలు పెట్టి పది గంటలు మిగుల్చుకున్నాం.

అదే పాత కార్డు మీద రెండు గడులు మార్చి చూద్దాం. నేను వాడే త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్. దాని రెండర్ సెట్టింగుల్లో 'పర్సిస్టెంట్ డేటా' అని ఒక టిక్కు ఉంది. అది పెడితే సర్దిన ఇంటిని ఫ్రేము ఫ్రేముకూ పీకి మళ్లీ సర్దదు, జ్ఞాపకంలోనే ఉంచుకుంటుంది. ర్యామ్ కాస్త ఎక్కువ తింటుంది గానీ 240 నిమిషాల్లో దాదాపు అన్నీ మిగులుతాయి. రెండోది శాంపిళ్ల సంఖ్య. 2,048 ఉన్నదాన్ని 256 చేసి, బొమ్మ మీది చుక్కలను తుడిచే డీనాయిజర్ ఆన్ చేస్తే ఐదు నిమిషాలు ఎనిమిదో వంతుకు దిగుతాయి, ముప్పై ఏడున్నర సెకన్లు. 240 ఫ్రేములకు రెండున్నర గంటలు. డీనాయిజర్ తీసుకునే రెండు మూడు సెకన్లు కలుపుకున్నా మూడు గంటలు దాటదు. దీనికి ఖర్చు సున్నా.

శాంపిల్ అంటే ఏమిటో ఇక్కడే చెప్పుకోవాలి. కెమెరా నుంచి ఒక్కో చుక్క గుండా ఒక కిరణాన్ని వదిలి, అది గోడకు తగిలి, నేల మీద పడి, చివరికి సూర్యుణ్ణి చేరిందా లేదా అని చూడటం ఒక శాంపిల్. కిరణాలు ఎటు పోవాలన్నది చీటీలు తీసినట్టు యాదృచ్ఛికం కాబట్టి, కొన్నే వదిలితే బొమ్మ ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఎక్కువ వదిలితే సగటు కుదిరి ఇసుక పోతుంది. తిరకాసు ఎక్కడంటే, ఇసుక తగ్గేది శాంపిళ్ల వర్గమూలం చొప్పున. సగం చేయాలంటే నాలుగు రెట్లు శాంపిళ్లు కావాలి, పావు చేయాలంటే పదహారు రెట్లు. మా సీమలో బోర్లు వేయించినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటి రెండొందల అడుగులకు ఉన్న విలువ ఎనిమిదో వందకు ఉండదు.

అందుకే 2,048 నుంచి 256కు దిగినప్పుడు ఇసుక ఎనిమిది రెట్లు కాదు, 2.8 రెట్లే పెరుగుతుంది. ఆ మేరకు తుడవడం డీనాయిజర్ పని. బ్లెండర్‌కు ఇంటెల్ వాళ్ల ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ 2019 నవంబరులో 2.81 వెర్షన్‌తో వచ్చింది. ఒక్క బొమ్మకైతే అది అద్భుతం. వీడియోకు మాత్రం ఒక చిక్కు ఉంది. శాంపిళ్లు మరీ 32కు, 64కు దించేస్తే ఫ్రేముకొక రకంగా తుడిచి, గోడలు నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. ముందు ఐదారు ఫ్రేములు తీసి, వరసగా తిప్పి చూసుకుని సంఖ్య ఖాయం చేసుకోవడం మేలు.

ఇంత చెప్పాక కూడా కుర్రాళ్లు కార్డు వైపే చూస్తారు. ఎందుకో నాకు తెలుసు, నేనూ అలాగే చూశాను. కార్డు కొన్న వారం రోజులు పని వేగంగా సాగుతుంది. ఎనిమిదో రోజు నుంచి పచ్చిక గడ్డి పెడతాం, పోర్టికోలో కారు నిలబెడతాం, కిటికీ అద్దాల్లో ప్రతిబింబం పెడతాం. మళ్లీ ఫ్రేముకు ఆరు నిమిషాలే. గ్రాఫిక్స్ రంగంలో దీన్ని బ్లిన్ సూత్రం అంటారు. జిమ్ బ్లిన్ అనే పాతకాపు చెప్పింది. యంత్రాలు ఎంత పెరిగినా రెండరుకు పట్టే కాలం మారదు, ఎందుకంటే మనిషి ఓపిక మారదు.

1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ' లెక్కలు చూడండి. సుమారు 1,14,000 ఫ్రేములు, 117 సన్ కంప్యూటర్లు, మొత్తం 8 లక్షల యంత్ర గంటలు. భాగిస్తే ఫ్రేముకు సగటున ఏడు గంటలు. ఒకే యంత్రం మీద చేసుంటే 91 ఏళ్లు పట్టేది. మన దగ్గర కోడి రామకృష్ణ 'అంజి' ఏళ్ల తరబడి సాగి 2004 సంక్రాంతికి విడుదలై, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు తెచ్చుకుంది. 2012లో విడుదలైన 'ఈగ'కూ అదే అవార్డు వచ్చింది, హైదరాబాదులోని మకుట సంస్థ పనికి. ఆ తర్వాతి 'బాహుబలి', 'ఆర్ఆర్ఆర్' కథ అందరికీ తెలిసిందే. వాటి వెనక ఉన్నవి గదులకొద్దీ యంత్రాలు, మన టేబుల్ కింది పెట్టెతో పోలిక లేదు.

పోలిక ఉన్నది లాత్వియా నుంచి వచ్చింది. గింట్స్ జిల్బలోదిస్ తీసిన 'ఫ్లో' 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. చేసింది బ్లెండర్‌లో, రెండర్ చేసింది అందులోని ఈవీ ఇంజిన్‌లో, అలాంటి యంత్రాల గది, అంటే రెండర్ ఫారం, లేకుండా. ఈవీ కిరణాలను అంత దూరం వెంబడించదు, వీడియో గేముల పద్ధతిలో వెలుగును అంచనా వేస్తుంది. నిమిషాల్లో అయ్యేది సెకన్లలో అవుతుంది. అద్దాలూ నీడలూ మాత్రం, పైన చెప్పిన కిరణాల పద్ధతిలో నడిచే సైకిల్స్ ఇంజిన్‌లో వచ్చినంత నిక్కచ్చిగా రావు. తొందరగా ఇవ్వాల్సిన వీడియోకు ఈవీ, వెలుగునీడలు నిక్కచ్చిగా రావాల్సినదానికి సైకిల్స్ అని నేను పని విడదీసుకున్నాను.

అయితే కార్డు మార్చక తప్పని చోటు ఒకటుంది. అది వేగం కాదు, జ్ఞాపకం.

మాకు దగ్గర్లోని లేపాక్షి వీరభద్రాలయంలో డెబ్బై దాకా స్తంభాలు. ఒకటి నేలకు ఆనీ ఆనకుండా వేలాడుతూ ఉంటుంది, దాని కింద కండువా దూర్చి లాగకుండా వచ్చే యాత్రికుడు ఉండడు. ఆ మంటపాన్ని త్రీడీలో కట్టాలనుకుందాం. ఒక స్తంభం రాతి తీరు కోసం నాలుగు బొమ్మలు కావాలి. రాతి రంగు, గరుకు, చెక్కడం లోతు, వెలుగు మలిగే తీరు. ఒక్కో బొమ్మ 4,096 చుక్కల పొడవు, అంతే వెడల్పు, చుక్కకు నాలుగు బైట్లు. గుణిస్తే 64 ఎంబీ. జేపెగ్ ఫైలుగా డిస్కులో 6 ఎంబీ ఉన్నా సరే, కార్డులోకి వెళ్లేసరికి విప్పుకుని 64 అవుతుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. నాలుగు కలిపి 256 ఎంబీ. డెబ్బై స్తంభాలకు 17,920 ఎంబీ. 16 జీబీ కార్డు కూడా పట్టదు. పట్టకపోతే మామూలు ర్యామ్‌లోకి పొంగి నత్తనడక నడుస్తుంది, లేదంటే జీపీయూ మెమరీ అయిపోయిందని ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోతుంది.

కానీ కెమెరాకు దగ్గరగా ఉండేవి పది స్తంభాలే. వాటికి 2,048 చుక్కలు చాలు, స్తంభానికి 64 ఎంబీ, పదింటికి 640. వెనక అరవై తెర మీద బెత్తెడు ఎత్తున కనిపిస్తాయి. వాటికి 1,024 చాలు, స్తంభానికి 16 ఎంబీ, మొత్తం 960. రెండూ కలిపితే 1,600 ఎంబీ. ఏడేళ్ల కిందటి 4 జీబీ కార్డులో కూడా కూర్చుంటుంది. వెనక స్తంభాల బొమ్మలను కుదించిపెట్టుకోవడం ఒక గంట పని. తొందరైతే బ్లెండర్‌లో 'సింప్లిఫై' కింద 'టెక్స్చర్ లిమిట్' ఉంది, అన్నిటినీ ఒకే దెబ్బతో దించుతుంది.

ఇది చేశాక కూడా చాలకపోతే అప్పుడు కార్డు. అప్పుడు కూడా నా ఓటు జీబీకే. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ ఉంటే, 2023లో వచ్చిన 4060లో 8 జీబీయే. కొత్తది వేగమైనది, 170 వాట్లకు బదులు 115తో సరిపెట్టుకుంటుంది. అయినా బరువైన సీను పట్టేది పాతదాంట్లోనే. 3060 పేరుతోనే 8 జీబీ రకం కూడా ఒకటి ఉంది, అట్టపెట్టె మీద అంకె చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. ర్యామ్ 16 ఉంటే 32 చేసుకోవడం మంచిదే గానీ 2025 చివరి నుంచి దాని ధరలు మండిపోతున్నాయి. హార్డ్ డిస్కు మీద ఇంకా పని చేస్తున్నవాళ్లు ఎస్ఎస్‌డీ వేసుకోండి, దాని మీద చర్చ అనవసరం.

సాఫ్ట్‌వేర్ సంగతి. బ్లెండర్ ఉచితం. 2002లో లక్ష యూరోల చందా పోగుచేసి దాన్ని అందరికీ విడిచిపెట్టారు. 2021 డిసెంబరులో వచ్చిన 3.0లో సైకిల్స్ ఇంజిన్‌ను చాలావరకు తిరగరాశారు, కార్డు మీద రెండు నుంచి ఎనిమిది రెట్లు వేగం వచ్చిందని అప్పుడు ప్రకటించారు. ఇంకా 2.79లోనో 2.8లోనో ఉన్నవాళ్లకు ఇంతకన్నా చవకైన అప్‌గ్రేడ్ లేదు. పని మధ్యలో మాత్రం మార్చకూడదు. 2023 నవంబరులో వచ్చిన 4.0లో కొత్త ఫైళ్లకు రంగులు చూపించే పద్ధతి ఫిల్మిక్ నుంచి ఏజీఎక్స్‌కు మారింది. పాత వెర్షన్‌లో ఓకే చేయించుకున్న గంధం రంగు గోడను కొత్త ఫైలులో మళ్లీ కడితే ఛాయ తేడాగా వస్తుంది. మేస్త్రీకి తేడా తెలియదు. పెయింటు డబ్బాకు అడ్వాన్సు ఇచ్చిన ఇంటావిడకు తెలుస్తుంది. బ్లెండర్‌ను ఇన్‌స్టాల్ చేయకుండా జిప్ ఫైలు విప్పి నడుపుకోవచ్చు కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంచుకుంటే గొడవ లేదు.

ఇక మా ఊరికి ప్రత్యేకమైనది ఎండ, దుమ్ము, కరెంటు. కార్డు ఫ్యాను చల్లబరిచేది గదిలోని గాలితోనే. పూర్తి భారంలో కార్డు గది కన్నా 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుంటే, 25 డిగ్రీల గదిలో 70, మే నెల 42 డిగ్రీల గదిలో 87. ఎనభై దాటాక కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కొన్న వేగాన్ని ఎండ తినేస్తుందన్నమాట. కార్డు వాట్ల పరిమితిని ఎనభై శాతానికి దించితే సాధారణంగా వేగంలో పోయేది పది శాతం లోపే, వేడి మాత్రం బాగా దిగుతుంది. నెలకోసారి బ్రష్షుతో ఎర్రదుమ్ము దులపడం దీనికన్నా ముందు చేయాల్సిన పని. ఎయిర్ కూలర్ మా పొడిగాలికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది కానీ తడిగాలి నేరుగా పెట్టె మీదికి కొట్టనీయకండి.

కరెంటు బిల్లు అనుకున్నంత భయపెట్టదు. మొత్తం యంత్రం 300 వాట్లు తాగితే 24 గంటలకు 7.2 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా 72 రూపాయలు. రెండున్నర గంటలకైతే ఏడున్నర. భయపెట్టేది కరెంటు పోవడం. షాపుల్లో కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల దాకా, అదీ కొన్ని నిమిషాలు. ఒకసారి ఇరవై గంటలు నడిచిన రెండర్‌ను నేరుగా ఎంపీ4 వీడియోగా రాయిస్తున్నాను. తెల్లవారుజామున కరెంటు పోయింది. ఫైలు ఉంది, తెరుచుకోదు. ఎంపీ4 ఫైలుకు విషయసూచికను బ్లెండర్ చివర్లో రాస్తుంది. చివర రాకముందే యంత్రం ఆగిపోతే లోపల ఎన్ని ఫ్రేములున్నా లేనట్టే. ఆ రోజు నుంచి 240 విడి పీఎన్‌జీ బొమ్మలుగానే తీస్తున్నాను. 'ఓవర్‌రైట్' టిక్కు తీసేసి మళ్లీ మొదలుపెడితే ఉన్నవాటిని దాటుకుని ఆగిన చోటి నుంచి సాగుతుంది. 173 దగ్గర కరెంటు పోతే పోయేది ఆ ఒక్క ఫ్రేమే.

కుర్చీ లాక్కుని కూర్చున్న ఆ ఇంటి యజమానికి వీడియో వాట్సాప్‌లో పంపాను. ఫోను అడ్డంగా తిప్పి రెండుసార్లు చూశాడు. తూర్పు ముఖం ఇల్లు కాబట్టి పొద్దుటి ఎండ ముందు నుంచి పడిందా లేదా అని అడిగాడు, పడిందని చూపించాను. మూడోసారి చూసి, "అంతా బాగుందప్పా, ఆ గేటుకు నలుపు కాకుండా కాఫీ రంగు వేస్తే ఎట్లుంటాది?" అన్నాడు.

గేటు కనిపించేది మొదటి 90 ఫ్రేముల్లోనే. 56 నిమిషాలు. టీ తాగొచ్చేలోపు కాదు గానీ, కూర్చోమన్నాను.