లియాన్ నగరపు పూటకూటి తల్లి

మన భాషలో పూటకూళ్ళమ్మ యను మాట యొకటి కలదు. పూటకింతయని పైకము పుచ్చుకొని, ఊరుగాని యూరివారికి వండి వడ్డించిన స్త్రీకి లోకమిచ్చిన పేరిది. చివర 'అమ్మ' యున్నదేకాని, ఆ మాట పలుకువారి గొంతులో గౌరవము తక్కువ. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మ చీపురుకట్ట చేతబట్టి గిరీశమును వెదకుచు వచ్చునప్పుడు నాటకశాల యంతయు నవ్వును. ఆమె సొమ్ము పోయినదన్న సంగతి ఆ నవ్వులో ఎవరికిని జ్ఞాపకముండదు.

అయినను ఈ వృత్తి మనకు నిన్నమొన్నటిది కాదు. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటి యింటి భోజనము వర్ణింపబడియున్నది. ఒక్క రూకకు మేలైన బియ్యపు టన్నము, పప్పు, కమ్మని నేయి, కూరలు, పెరుగు మొదలగునవి దొరకెనని కవి నోరూరునట్లు చెప్పెను. భోజనమును కవి పొగడెను, తినినవారు మెచ్చుకొనిరి. ఆ పొయ్యి యొద్ద కూర్చుండి కనులు మండ వండిన చేయి యెవరిదో యెవరును వ్రాసియుంచలేదు.

ఇట్టి వృత్తినే అవలంబించిన స్త్రీలను వేఱొక దేశమువారు నిండు గౌరవముతో 'తల్లి' యని పిలిచిరి. ఆ దేశము ఫ్రాన్సు; ఆ నగరము లియాన్. ఫ్రెంచి భాషలో 'మేర్' యనగా తల్లి. లియాన్ నగరపు మేరుల కథలో మనము తెలిసికొనదగిన విషయములు కొన్ని యున్నవి కావున ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. వారి వంటకములలో మాంసము మెండు. మనలో పలువురికి అది నిషిద్ధము. తినుట తినకుండుట యటుండనిండు. ఒక గృహిణి విద్యకు లోకము కట్టిన వెల యెట్టిదో చూతము.

నేడు మనము కూడ రెస్టారెంటని వాడుకొను మాట ఫ్రెంచివారిదే. మొదట అది స్థలమును తెలుపు మాట కాదు. నీరసించినవారికి బలము చేకూర్చు మాంసపు కషాయమునకు ఆ పేరుండెను. 1760 ప్రాంతమున పారిస్ నగరమున అట్టి కషాయములను ప్రత్యేకముగా బల్లలు వేసి అమ్ము అంగళ్ళు వెలసెను. క్రమముగా పానీయము పేరే అంగడికి వచ్చెను. పూర్వపు సత్రములలో అందఱును ఒక్క బల్లయొద్ద, ఒక్క వేళకు, పెట్టినది తినవలసినదే. క్రొత్త యంగళ్ళలోనో, ఎవరి బల్ల వారిది, ఎవరికి కావలసినది వారు కోరుకొనవచ్చును, వెల ముందుగనే తెలియును. 1789లో విప్లవము చెలరేగిన పిమ్మట ప్రభువుల యిండ్లలో కొలువు పోయిన వంటవారు పలువురు ఇట్టి భోజనశాలలు తెఱచిరి. ఆ ప్రసిద్ధ పాకశాస్త్రజ్ఞులందఱును దాదాపుగా పురుషులే.

లియాన్ కథ వేఱు. అచ్చట సంపన్నుల యిండ్లలో వంట చేయుచుండినవారు స్త్రీలు. యజమానులకు సిరి తగ్గి కొలువులు పోయినప్పుడు ఆ స్త్రీలు చిన్న చిన్న భోజనశాలలు పెట్టుకొనిరి. యింటి వంటయే వారి మూలధనము. పదునెనిమిదవ శతాబ్దమున రోన్ నది యొడ్డున ఈలుచేపల కూరకు పేరు గన్న మేర్ గీ ఇట్టివారిలో మొదటిదిగా చెప్పబడుచున్నది. తరువాత మేర్ ఫియ్యూ వచ్చెను. ఈమె ఇంచుమించు ప్రతిదినము ఒకే విధమగు విందును వడ్డించెడిది. కోడిని అతిథుల బల్లయొద్ద తానే నిలిచి చిన్న కత్తితో కోసి పెట్టెడిది. మార్పులేని ఆ కొద్ది వంటకములను తినుటకే దేశదేశములనుండి జనులు వచ్చుచుండిరట.

ఈ తల్లులలో ఎల్లరికంటె కీర్తిగన్నది యూజెనీ బ్రాజియే. ఈమె 1895లో బూర్గ్ పట్టణ సమీపమున నొక పల్లెలో రైతుకూలి కుటుంబమున జన్మించెను. పదియేండ్ల ప్రాయమున తల్లి గతించెను. పందులను, ఆవులను కాచుచు పరుల పొలములలో పని చేసెను. బడికి పోయిన దినములు మిక్కిలి తక్కువ. పందొమ్మిదవ యేట, వివాహము కాకుండగనే ఒక మగబిడ్డకు తల్లియయ్యెను. తండ్రి ఇంటినుండి వెడలగొట్టెను. ఇట్టి స్త్రీకి ఆనాడు ఏ దేశముననైనను గతి యేమో మనకు తెలియనిది కాదు. ఆమె బిడ్డను పెంపకమున నుంచి, లియాన్ నగరమునకు పోయి, సేమియా వంటి పిండివస్తువుల వర్తకము చేయు మిల్యా కుటుంబమున దాసిగా చేరెను. వంట నేర్చినది అచ్చటనే. పిమ్మట మేర్ ఫియ్యూ వంటశాలలో పని చేసి విద్యకు మెఱుగు పెట్టుకొనెను.

1921 ఏప్రిల్ నెలలో, రాయల్ వీథిలో పండ్రెండవ నెంబరు ఇంట, పూర్వమొక సరకుల యంగడి యుండిన చోట, పదునైదుగురు మాత్రము కూర్చుండుటకు వీలైన భోజనశాలను తన పేర తెఱచెను. పెట్టుబడి స్వల్పము, అప్పటి కామె వయస్సు ఇరువదియైదేండ్లు.

ఆ యింటి భోజనక్రమ మెట్టిదనగా: మొదట ఆర్టిచోకు. ఇది తామరమొగ్గ వలె రేకులు రేకులుగా నుండు ఒక శాకము. రేకులు తీసివైచి అడుగుననున్న మెత్తని భాగమును మాత్రము గ్రహింతురు. దానిపై బాతు కాలేయముతో చేసిన వంటకమును నుంచెదరు. పిదప చేపను నలిపి, పిండి, గ్రుడ్డు, వెన్న కలిపి ఉడికించిన కెనెల్ యను ఉండలు. పిదప ఆ యింటికి పేరు దెచ్చిన కోడి వంటకము. ఆ తరువాత జున్నుగడ్డను బోలిన చీజులు, తుదను తీపి వస్తువు లేక పండ్లు. ఒకటి ముగిసిన పిమ్మటనే రెండవది బల్లమీదికి వచ్చును.

మన విస్తరిలో నన్నియు ఒక్కసారిగనే కనబడును. అయినను అందును క్రమము లేకపోలేదు: పప్పు, కూర, పులుసు, చారు, తుదకు పెరుగు. వడ్డన వారిది వేళను బట్టి, మనది విస్తరిలోని చోటును బట్టి. కడుపు తెలిసిన విధి మాత్రము రెంట నొకటే. ఫ్రెంచివారి ఈ విందుక్రమమును 2010లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వములలో చేర్చెను.

ఆ కోడి వంటకము పేరు చిత్రమైనది. భూమిలోపల పుట్టు ట్రఫెల్ అను నల్లని పుట్టగొడుగు జాతిని పలుచని బిళ్ళలుగా తఱిగి, కోడి చర్మము క్రింద దూర్చి, మెల్లగా ఉడికింతురు. తెల్లని చర్మము క్రింద నల్లని బిళ్ళలు కనబడుచుండును. అందుచే దానికి 'అర్ధశోకము' అని పేరిడిరి. ఆ దేశమున భర్త పోయిన స్త్రీలు కొంతకాలము నల్లని బట్టలు ధరించి, పిదప నలుపు తెలుపులు కలిసినవి ధరించు నాచార ముండెడిది. దానిని బట్టి వచ్చిన పేరిది. మన దేశమున భర్త పోయిన స్త్రీలలో నెందఱో బ్రతుకు తెరువు లేక పూటకూటి యిండ్లు నడపిరి. అచ్చట వైధవ్యపు బట్ట వంటకమునకు పేరైనది. ఇచ్చట వైధవ్యమే వంటకత్తె నొసటి వ్రాతయైనది.

ఆ కోడియు సామాన్యమైనది కాదు. బ్రెస్ అను ప్రాంతపుది. తెల్లని యీకలు, ఎఱ్ఱని జుట్టు, నీలపు కాళ్ళు గలది. ఒక్కొక్క కోడికి పది చదరపు మీటర్లకు తగ్గకుండ పచ్చిక బయలుండవలెను. ధాన్యము, పాలవస్తువులు మేతగా నీయవలెను. మఱియొక చోట పెరిగిన కోడిని ఆ పేర నమ్మరాదని 1957లో ఫ్రాన్సు ప్రభుత్వము శాసనము చేసెను. ఇది చదివినప్పుడు నాకు మన పుంగనూరు ఆవు స్మరణకు వచ్చెను. బారెడు ఎత్తైన లేని ఆ చిఱుత ఆవు పాలలో వెన్న మెండు. కొద్దిపాటి మేతతో బ్రతుకును. అట్టి జాతి నశించు దశకు వచ్చిన పిదపనే మనకు మేల్కొలుపు కలిగి, పలమనేరు పరిశోధనాక్షేత్రమున దానిని కాపాడవలసి వచ్చెను. పేరునకు వెల కట్టినవారి కోడి నిలిచెను. వెల కట్టనేరని మన యావు క్షీణించెను.

యూజెనీ వంటలో మాయలు లేవు. సరకు మేలైనదిగా నుండవలెను, పాత్ర శుభ్రముగా నుండవలెను, వేళ తప్పరాదు: ఇంతియే ఆమె శాస్త్రము. తన కోళ్ళను ఆమె మెచ్చవలెనన్న వాని గోళ్ళకు సింగారము చేయవలసివచ్చునేమో యని కోళ్ళ వర్తకుడొకడు పరిహాసమాడెనట! పొద్దుననగా మొదలిడి రాత్రివఱకు నిలువుకాళ్ళపై పనిచేసి యలసిపోయి, 1920ల చివర లియాన్ వెలుపల లువేర్ కనుమలో నొక కొయ్య యింటికి విశ్రాంతికై పోయెను. అచ్చట విద్యుద్దీపము లేదు, గొట్టపు నీరు లేదు. జనులు ఆమె చేతివంటను వెదకికొని ఆ కొండకును రాసాగిరి. అదియే రెండవ భోజనశాల యయ్యెను. 1946లో అచ్చట శిష్యుడుగా చేరిన యువకుడు పాల్ బొక్యూజ్. అతనికి నేర్పిన పాఠములలో ఆవుల పాలు పిదుకుట, కూరతోట పని, బట్టలుదుకుట కూడ నుండెను. పిమ్మట అతడు లోకప్రసిద్ధుడయ్యెను.

మిషెలిన్ అను రబ్బరు చక్రముల సంస్థ ప్రయాణికులకై ప్రకటించు పుస్తకమున ఉత్తమ భోజనశాలలకు నక్షత్రము లిచ్చుట ఆచారము. మూడు నక్షత్రములే పరమావధి. 1933లో యూజెనీ నడపుచుండిన రెండు శాలలకును మూడేసి నక్షత్రములు లభించెను. ఆఱు నక్షత్రముల నొక్కమాఱు పొందినవారు స్త్రీలలోగాని పురుషులలోగాని అంతకు ముందెవరును లేరు. లియాన్ నగరాధ్యక్షుడు ఎద్వార్ ఎరియో ఆమె యింటికి తఱచు వచ్చు నతిథి. ఇంతటి ఖ్యాతియు మఱుగుపడకపోలేదు. 1998లో అలేన్ డ్యుకాస్ అను పాకవిద్వాంసునికి ఆఱు నక్షత్రములు వచ్చినప్పుడు, అట్టి గౌరవము పొందిన మొదటివాడతడే యని పత్రికలలో వ్రాసినవారు కలరు. అఱువదియైదేండ్ల మునుపే ఒక పసులకాపరి పిల్ల దానిని పొందియుండెనని వారికి తోచలేదు.

ప్రభుత్వము గౌరవబిరుద మీయజూపగా, చక్కగా వండుట కంటె గొప్ప పనులకే అట్టివి తగునని ఆమె నిరాకరించెనని చెప్పుదురు. ఆమె 1977లో స్వర్గస్థురాలయ్యెను. ఆమె వంటల పుస్తకము ఆ పిమ్మట వెలువడెను. కుమారుడు గాస్తోన్, మనుమరాలు జాకోత్ ఆ యింటిని సాగించిరి. 2008లో మత్యూ వియన్నె యను పాకశాస్త్రజ్ఞుడు రాయల్ వీథి శాలను పునరుద్ధరించి, పేరు మార్చక నడపెను.

మనకును అట్టి తల్లులు లేకపోలేదు. గోదావరి లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) పైకము పుచ్చుకొనక, వేళ కాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టి అన్నపూర్ణ యనిపించుకొనెను. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరిడినది. ఉచితముగా పెట్టిన చేతికి మనము మ్రొక్కితిమి, మ్రొక్కవలసినదే. కాని బిడ్డలను పోషించుకొనుటకై వెలకు పెట్టిన చేతిని ఏల చులకన చేసితిమి? అన్నదానము పుణ్యమైనప్పుడు, కల్తీ లేని యన్నమును న్యాయమైన వెలకు పెట్టుట పాపమెట్లగును?

ఈ ప్రశ్న దూరదేశపుది కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలో తెల్లవాఱకమునుపే లేచి, పొయ్యి రాజేసి, ఇడ్డెనలు, దోసెలు, రాగిసంగటి, ఊరిబిండి చేసి యమ్ముకొని సంసారము నీడ్చు స్త్రీలు మన కంటికి నిత్యము కనబడుదురు. చలికాలమున మన సీమలో చేసికొను పితికిపప్పునే చూడుడు. అనపకాయ లొలిచి, గింజలు నానవేసి, ఒక్కొక్క గింజను వ్రేళ్ళ నడుమ పిదికి తోలు తీయవలెను. నలుగురికి సరిపడు పప్పునకు ఒక పూటంతయు పట్టును. తినుట గడియ పని. ఆ పూటకు వెల కట్టినవా రెవరు? అట్టి పప్పును పట్టణపు భోజనశాలలో పురుషుడు వడ్డించినచో విశేషవంటకమని మెచ్చుకొందుము. వీథి మూలను ఆమె వడ్డించినచో రెండు రూపాయలు తగ్గింపుమందుము.

కావున సోదరీమణులకు నా విన్నపము రెండు మాటలు. వంటను జీవనముగా చేసికొన్న స్త్రీ, యూజెనీ వలె, వంటకములు కొలదిగనే పెట్టుకొని వానిని లోపము లేక చేయవలెను. లెక్క తానే వ్రాసికొనవలెను. పైకము తన చేతనే యుండవలెను. అంగడికి తన పేరు పెట్టుకొనుటకు సిగ్గుపడరాదు. తక్కిన మనము, అట్టి స్త్రీయొద్ద కొనునప్పుడు బేరమాడుట మాని, ఆమె పేరేమని యడిగి తెలిసికొనవలెను. మన యిండ్లలో అవ్వలు చేయు పచ్చళ్ళ పాళ్ళను, పప్పుల పదునును వారు బ్రతికియుండగనే, ఇది ఫలానా వారిదని పేరుతో సహా వ్రాసి దాచవలెను. ఓరుగంటి భోజనము నేటికిని కావ్యములో కమ్మగనే యున్నది. వండిన యామె పేరు మాత్రము మనకు దక్కలేదు. ఇకమీద నైనను అట్టి లోటు మన చేతులమీదుగా జరుగకుండుగాక!