చేవ తెలిసిన కలప: సుస్థిర నిర్మాణంపై అపోహలు – వాస్తవాలు

ఇల్లు కట్టడమంటే సిమెంటు, ఇసుక, ఇనుము తప్ప మరొకటి తోచని ఈ కాలంలో కలప మళ్లీ ప్రధాన నిర్మాణ సామగ్రిగా ప్రపంచం దృష్టిని ఆకర్షిస్తోంది. నార్వేలోని బ్రుముందాల్ పట్టణంలో 2019లో పూర్తయిన 18 అంతస్తుల మ్యోస్టోర్నెట్ 85.4 మీటర్ల ఎత్తున, అమెరికాలోని మిల్వాకీ నగరంలో 2022లో పూర్తయిన 25 అంతస్తుల అసెంట్ 86.6 మీటర్ల ఎత్తున లేచి ఈ మలుపుకు సాక్ష్యంగా నిలిచాయి. భారతదేశంలోనూ కేంద్ర ప్రజా పనుల విభాగం తన కట్టడాలలో కలప వాడకంపై 1993 నుంచి కొనసాగించిన నిషేధాన్ని 2020 జూలైలో ఎత్తివేసింది. ఈ మార్పు భవన రూపశిల్పులకు ఎంత ముఖ్యమో, చెట్టు పెంచే రైతుకు, దుంగ కోసే సామిల్లుకు, కలప అమ్మే అడితికి అంతకన్నా ముఖ్యం. ఎందుకంటే కొనేవారు ఇకపై ఎన్ని ఘనపుటడుగులు అని మాత్రమే అడగక, ఆ కలప ఎక్కడ పుట్టింది, ఎంత ఆరింది, ఎంత బరువు మోయగలదు అని కూడా అడుగుతారు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోవాలంటే ముందుగా కొన్ని అపోహలను తొలగించుకోవాలి.

అపోహ 1: చెట్టు నరకడమే పాపం కనుక కలపకన్నా కాంక్రీటే పర్యావరణానికి మేలు.

వాస్తవం: సున్నపురాయిని కాల్చి సిమెంటు తయారుచేసేటప్పుడు రాతిలోని బొగ్గుపులుసు వాయువు, కొలిమి ఇంధనం నుంచి వచ్చే వాయువు కలిసి గాలిలో చేరతాయి, ప్రపంచమంతటా మనిషి విడుదల చేసే ఈ వాయువులో దాదాపు 7 నుంచి 8 శాతం సిమెంటుదే. చెట్టు ఇదే వాయువును పీల్చుకుని కర్బనాన్ని తన కాండంలో నిలుపుకుంటుంది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే కాబట్టి, ఘనమీటరుకు 500 కిలోలు తూగే కలపలో సుమారు 250 కిలోల కర్బనం, అంటే రమారమి 900 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానమైనది, కట్టడం నిలిచినంతకాలం భద్రంగా ఉంటుంది.

అయితే కలప అన్నంత మాత్రాన మేలే జరుగుతుందనుకోవడం కూడా మరో అపోహే అవుతుంది. నరికిన చోట మళ్లీ చెట్టు పెరగకపోయినా, ఆ కలప కొద్ది ఏళ్లకే పొయ్యిలోకి చేరినా, సహజారణ్యాన్ని చదును చేసి దుంగలు తెచ్చినా పైన చెప్పిన లెక్క తలకిందులవుతుంది. 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలకు కావలసిన కలపను అడవుల నుంచి కాక సాగుదారుల భాగస్వామ్యంతో పెంచుకోవాలని చెప్పడంలోనూ, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదిత కార్యప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు నరకరాదని ఆదేశించడంలోనూ ఉన్న తాత్పర్యం ఇదే.

అపోహ 2: కలప భవనం అగ్గిపెట్టెతో సమానం.

వాస్తవం: పుల్ల అంటుకున్నంత సులువుగా మొద్దు అంటుకోదన్నది కట్టెల పొయ్యి ఎరిగిన ప్రతి ఇంటికీ తెలిసిన విషయం. లావైన దూలానికి మంట తగిలినప్పుడు పై పొర బొగ్గుగా మారుతుంది. ఆ బొగ్గు వేడిని లోపలికి సులభంగా పోనివ్వదు గనుక దాని వెనుక ఉన్న కలప చాలాసేపు గట్టిగానే నిలుస్తుంది. సూదిమొన ఆకుల జాతుల కలప నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్ల లోతున బొగ్గవుతుందని ఐరోపా నిర్మాణ ప్రమాణాలు లెక్కగట్టాయి. దీని ప్రకారం గంటసేపు మంటకు గురైన దూలం ఒక్కో పక్క దాదాపు 40 మిల్లీమీటర్లు కోల్పోతుంది. ఇంజినీరు ఆ మేరకు ముందే మందం పెంచి దూలాన్ని రూపొందిస్తాడు. రక్షణ పూత లేని ఉక్కు దూలమైతే 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద తన బలంలో దాదాపు సగం కోల్పోయి వంగిపోవచ్చు.

ఇంతమాత్రాన జాగ్రత్త అక్కరలేదని కాదు. పొరలను అంటించిన జిగురు వేడికి పట్టు వదిలితే కొత్త కలప మంటకు బయటపడుతుంది కాబట్టి జిగురు ఎంపిక, జిప్సం పలకల కప్పు, నీళ్లు చిమ్మే ఏర్పాటు తప్పనిసరి అవుతాయి. అమెరికాలో అనుసరించే అంతర్జాతీయ భవన నియమావళి 2021 కూర్పు ఇలాంటి కట్టడాలను 9, 12, 18 అంతస్తుల పరిమితులతో మూడు తరగతులుగా విభజించి, ఎత్తు పెరిగేకొద్దీ కలపను కప్పి ఉంచే నిబంధనలను కఠినతరం చేసింది.

అపోహ 3: పెద్ద భవనానికి ముదురు చెట్ల దూలాలు కావాలి, టేకు తప్ప మరే కలపా పనికిరాదు.

వాస్తవం: మండువా లోగిళ్ల స్తంభాలు ఒకే చెట్టు నుంచి వచ్చిన కాలం వేరు. నేటి ఎత్తైన కట్టడాలకు వాడేవి ఒక మోస్తరు లావు చెట్ల నుంచి కోసిన పలుచని పలకలు. పలకలను ఒకే దిశలో పేర్చి జిగురుతో అదిమితే దూలాలకు, స్తంభాలకు పనికొచ్చే అతుకు దూలం తయారవుతుంది. ఒక పొర నిలువుగా, తర్వాతి పొర అడ్డంగా మూడు, అయిదు, ఏడు పొరలు పేర్చి అదిమితే గోడలకు, అంతస్తులకు పనికొచ్చే అడ్డుపొరల పలక తయారవుతుంది. కలప పొడవు దిశలో కన్నా అడ్డంగా ఎక్కువగా ఉబ్బి కుంచించుకుపోతుంది కాబట్టి, అడ్డుపొర తన పక్కపొరల కదలికను పట్టి ఉంచుతుంది. ఈ అడ్డుపొరల పద్ధతి 1990లలో ఆస్ట్రియా, జర్మనీలలో రూపుదిద్దుకుంది. మ్యోస్టోర్నెట్‌లో మెత్తని స్ప్రూస్ కలప 18 అంతస్తులు మోయగలిగింది మాత్రం ప్రధానంగా అతుకు దూలాల వల్ల.

ఇక్కడ సరఫరాదారు గ్రహించవలసింది ఏమిటంటే, పలక విలువను జాతి పేరొక్కటే నిర్ణయించదు; ముడులు ఎన్ని, నార ఎంత తిన్నగా ఉంది, ఎంత వంగితే విరుగుతుంది అన్న పరీక్షలతో తేలే బలం తరగతి కూడా నిర్ణయిస్తుంది. అలాగే మొత్తం భవనం కలపే అన్నదీ నిజం కాదు. మ్యోస్టోర్నెట్ పై అంతస్తులకు కాంక్రీటు పలకలు వేశారు. తేలికైన కలప భవనం గాలికి ఊగకుండా పైన బరువు పెట్టడం అందుకు కారణం.

అపోహ 4: చేతికి పొడిగా తగిలితే కలప ఆరినట్టే.

వాస్తవం: సరఫరాదారులకు అత్యధికంగా నష్టం తెచ్చేది ఈ అపోహే. పై చెక్క ఎండినా లోపలి చెక్క పచ్చిగా ఉండగలదు. అలా సరిగా ఆరని కలపతో చేసిన తలుపు తర్వాత ఆరుతూ కుంచించుకుని సందులు విడుస్తుంది. తేమను కొలిచే పద్ధతి సరళమైనది: కోసినప్పుడు 6 కిలోలు తూగిన పలక ముక్క పూర్తిగా ఎండబెట్టిన తర్వాత 5 కిలోలకు దిగితే, పోయిన 1 కిలో నీటిని ఎండిన 5 కిలోలతో భాగించగా వచ్చే 20 శాతమే దాని తేమ. బూజుకు, కుళ్లుకు అవకాశం మొదలయ్యేది సుమారు ఈ స్థాయి దగ్గరే. పొరలుగా అంటించే పలకలకు కావలసింది 12 శాతం చుట్టుపక్కల తేమ. రెండు ముళ్లున్న విద్యుత్ తేమమాపకాన్ని పలకలో గుచ్చితే అంకె క్షణంలో తెలుస్తుంది, కానీ ఆ కొలతను చివర్ల దగ్గర కాక నడుమ, పైపైన కాక లోతున తీయాలి.

సముద్రపు గాలి తగిలే కాకినాడలో నిలకడగా ఉండే తేమ శాతం, పొడిగాలి వీచే దక్కను పీఠభూమిలో నిలకడగా ఉండే శాతం ఒకటి కావు. అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని వాతావరణ మండలాలుగా విభజించి, వాడకాన్ని బట్టి వేర్వేరు పరిమితులు చెప్పింది. ఆవిరి గదిలో కలపను క్రమంగా ఆరబెట్టడం, పలకల మధ్య సమాన దూరంలో సన్నని బద్దలు పెట్టి గాలి ఆడేలా పేర్చడం, దుంగ చివర్లకు పూత పూసి పగుళ్లను ఆపడం అడితికి అదనపు ఖర్చులుగా కనిపించినా, తిరిగి వచ్చే సరుకుతో పోలిస్తే అవి చౌక.

అపోహ 5: టేకు అయితే చాలు, చెద ముట్టదు.

వాస్తవం: చెదను తట్టుకునేది టేకు చేవ, అంటే కాండం నడుమ ముదిరి రంగుతేలిన చెక్క, చుట్టూ ఉన్న తెల్లని లేత చెక్క ఏ జాతిదైనా చెదకు ఆహారమే. మూసిన గొట్టంలో కలపను ఉంచి, గాలి తీసి, ఒత్తిడితో మందును లోపలికి ఎక్కించే శుద్ధి విధానాన్ని ఐఎస్ 401 వివరిస్తోంది. నేలను తాకకుండా కలపను నిలపడం, వాన తగలకుండా చూరు దించడం అంతే ముఖ్యం.

అపోహ 6: ధ్రువపత్రాలు విదేశీ ఎగుమతిదారుల వ్యవహారం.

వాస్తవం: ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన అటవీ విధ్వంస నిరోధక నియమం, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టేసిన నేల నుంచి వచ్చిన కలపను తన విపణిలోకి రానివ్వకూడదని, ఆ కలప పెరిగిన స్థలాన్ని అక్షాంశ రేఖాంశాలతో చూపాలని కోరుతోంది. దాని అమలు తేదీ వాయిదాలు పడినా దిశ మారలేదు. భారత ప్రభుత్వం కూడా 2023 డిసెంబరులో భారతీయ కలప, అటవీ ధ్రువీకరణ పథకాన్ని ప్రారంభించి, అడవుల నిర్వహణతోపాటు పొలాల్లో పెరిగే చెట్లకూ, కలప చేతులు మారిన వరుసను గుర్తించే విధానానికీ అందులో చోటు కల్పించింది. ఈ వరుసలో ఒక్క అడితి తన రశీదులను, నిల్వ పుస్తకాన్ని సరిగా ఉంచకపోతే, నిజాయితీగా పెంచిన రైతు కలప కూడా ఊరూపేరూ లేని కలపగానే మిగిలిపోతుంది. దుంగ చివర కొట్టే సుత్తిముద్ర కోతలో పోతుంది. పలకతో పాటు ప్రయాణించేది కాగితం మీది లెక్క మాత్రమే.

అపోహ 7: నీలగిరి, సరుగుడు, సుబాబుల్ తోటలున్న రైతుకు ఈ గిరాకీ వెంటనే అందుతుంది.

వాస్తవం: తెలుగునేల మీద ఈ తోటలు ప్రధానంగా రాజమహేంద్రవరం, సారపాక వంటి చోట్ల ఉన్న కాగితపు మిల్లుల అవసరాలతో పెరిగినవి. గుజ్జుకు సన్నని కర్ర చాలు గనుక కొద్ది ఏళ్లకే కొట్టేస్తారు; కోత కలపకు లావైన, తిన్నని, ముడులు తక్కువున్న కాండం కావాలి కాబట్టి మొక్కల మధ్య దూరం పెంచాలి, పక్కకొమ్మలను లేతగా ఉన్నప్పుడే తీసేయాలి, మరికొన్నేళ్లు ఆగాలి. నీలగిరి కాండంలో పెరుగుదల నాడే బిగుసుకున్న లోపలి ఒత్తిడి కోతలో విడివడి పలకను వంచుతుంది, చివర్లను చీలుస్తుంది. దీనికి తగిన కోతవరుస తెలిసిన మిల్లు కావాలి. ఆగిన ఏళ్లకు తగిన ధర ముందే ఒప్పందంలో లేకపోతే రైతు గుజ్జు కర్రకే మొగ్గు చూపుతాడు, అందులో అతని తప్పేమీ లేదు. కాబట్టి ఈ మార్పు నిజంగా పల్లెకు చేరాలంటే మిల్లులు, అడితులు తరగతులవారీ ధరలు ప్రకటించి రైతుతో దీర్ఘకాలిక ఒప్పందాలకు ముందుకు రావాలి.

ఈ అపోహలన్నిటి వెనుకా ఉన్నది ఒకే పొరపాటు: కలప మంచిచెడ్డలను జాతి పేరును బట్టి, కంటికి కనిపించే నిగనిగను బట్టి తీర్పు చెప్పడం. చెట్టు పుట్టుక, పలక తేమ, దూలం తరగతి అనే మూడింటినీ కొలిచి, రాసి, ఇతరుల పరిశీలనకు నిలబెట్టగలిగినప్పుడే కలప సుస్థిరమన్న మాటకు అర్థం ఉంటుంది. చేవ ఉన్నదో లేదో చెట్టు కోసి చూడనిదే తెలియదని పెద్దలు ఎరుగుదురు. సరఫరాదారు చేతిలోని లెక్కా అలాగే పరీక్షకు నిలవాలి. అలా నిలిచిన అడితి తెలుగునేల పొలాల్లో పెరిగే చెట్టుకు, రేపటి కట్టడానికి మధ్య నమ్మకమైన వంతెన కాగలుగుతుంది.