పెద్ద పేరున్న యూనివర్సిటీకి మారాలా?

మొన్న వేసవిలో ఒక సాయంత్రం మేము విజయవాడ ఆటోనగర్‌లో ఒక సంఘ కుటుంబాన్ని దర్శించడానికి వెళ్ళాము. ముందు లారీ బాడీలు కట్టే షెడ్డు, వెనుక రెండు గదుల ఇల్లు. పొద్దు గుంకినా పక్క షెడ్డులో రేకుల మీద సుత్తి దెబ్బలు ఆగలేదు. ఇంటి యజమాని చేతులు కడుక్కొని వచ్చి, మా ముందు ఒక రంగురంగుల పుస్తకం పెట్టాడు. ఒక ప్రయివేటు యూనివర్సిటీ వారు అచ్చువేసిన పుస్తకమది.

"అయ్యగారూ, పెద్దాడిది ఇంజినీరింగు మొదటి సంవత్సరం అయిపోయింది. ఇప్పుడున్న కాలేజీకి పేరు లేదంటాడు. ఇందులోకి మారతానంటున్నాడు. ఊళ్ళో ఉన్న పది సెంట్ల స్థలం అమ్మేద్దామనుకుంటున్నాం. ప్రార్థన చేసి మీరొక మాట చెప్పండి" అన్నాడు.

"మా బతుకు ఈ రేకుల మధ్యే తెల్లారిపోయింది. వాడైనా నీడపట్టున కూర్చుని ఉద్యోగం చెయ్యాలి కదండీ" అన్నది తల్లి.

పదవ తరగతి పరీక్షలు వ్రాసిన కుమార్తె గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్నది. ఆ స్థలంలో ఆమెకూ భాగమున్నదని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మాకూ తోచలేదు.

ప్రార్థన చేశాము. కాని జవాబు మాత్రం ఆ రాత్రి చెప్పలేదు. గోపురం కట్టబోయే మనుష్యుని ఉపమానం మనకందరికీ తెలిసినదే. అందుకే ఒక వారం గడువు తీసుకొని, ఆ కుర్రవాణ్ణి ఒక నోటు పుస్తకం పట్టుకొని రమ్మన్నాము. ఆ వారంలో మేము తెలుసుకొన్నవి ఇతర కుటుంబాలకు కూడా ఉపయోగపడతాయని ఇక్కడ వ్రాస్తున్నాము.

పేరు అంటే ఏమిటి?

"పేరున్న కాలేజీ" అంటే ఏమిటని ఆ అబ్బాయిని అడిగాము. పెద్ద భవనాలు, ఏ.సి. గదులు, టి.వి.లో ప్రకటనలు అన్నాడు. ఇవి చదువుకు కొలతలు కావు. న్యాక్ వారు ఇచ్చే గ్రేడు మొత్తం విద్యాసంస్థకు చెందుతుంది. ఎన్.బి.ఎ. గుర్తింపు ఒక్కొక్క కోర్సుకు విడివిడిగా వస్తుంది. కాబట్టి కళాశాలకు మంచి గ్రేడు ఉన్నంత మాత్రాన మీ అబ్బాయి చదివే బ్రాంచికి గుర్తింపు ఉన్నట్లు కాదు. బ్రాంచి పేరు చెప్పి అడగాలి. అలాగే "ఉద్యోగాలు వచ్చాయి" అంటే ఎంతమందిలో ఎంతమందికి, ఏ బ్రాంచి వారికి, ఎంత జీతానికి అని అడగాలి. అందరికంటె ఎక్కువ జీతం వచ్చిన ఒక్క విద్యార్థి ఫొటో చూచి మోసపోకూడదు.

మన ప్రాంతంలో మిషనరీలు నాటిన కళాశాలలను చూడండి. మచిలీపట్నం నోబుల్ కళాశాల 1843లో, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో ఆరంభమయ్యాయి. వాటికి పేరు తెచ్చినది ప్రకటనలు కాదు, అక్కడ పాఠం చెప్పిన గురువులు, అక్కడ చదివిన పిల్లలు.

మారడం ఎంత సులభం?

మారడమంటే టి.సి. తెచ్చుకొని వెళ్ళి చేరడమే అనుకొన్నాము. అలా కాదు. ముందుగా ఇక్కడి కళాశాల, ఇక్కడి విశ్వవిద్యాలయం నిరభ్యంతర పత్రాలు ఇవ్వాలి. అక్కడ రెండవ సంవత్సరంలో ఖాళీ సీటు ఉండాలి. రెండు చోట్ల పాఠ్యాంశాలు సరిపోలాలి. 2021 నుండి విద్యార్థులు సంపాదించిన క్రెడిట్లను దాచుకొనేందుకు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఏర్పాటు ఉన్నది. అయినా ఆ క్రెడిట్లలో ఎన్నింటిని ఒప్పుకోవాలన్నది చేర్చుకొనే విశ్వవిద్యాలయం చేతిలోనే ఉంటుంది.

ఆ అబ్బాయి చేత ఒక ఉత్తరం వ్రాయించి, జవాబు వ్రాతలో అడిగించాము. మొదటి సంవత్సరం మరల చదవవలసి ఉంటుందని తేలింది. నోటిమాటగా మాత్రం "అన్నీ చూసుకుంటాం, వచ్చి చేరండి" అన్నారట! తల్లిదండ్రులారా, ఏ సంగతైనా కాగితం మీద తీసుకోండి.

ఇంకొక మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లో ప్రకటించింది. మిగిలిన సంవత్సరాల ఫీజు కడితేనే ఇస్తామని ఎవరైనా అంటే భయపడవలసిన పని లేదు. ఆ ప్రకటన చూపించి, వ్రాతపూర్వకంగా అడగండి.

అప్పు లెక్క

ఆ కుర్రవాడు ఇప్పుడు కన్వీనర్ కోటా సీటులో ఉన్నాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. ఇంటినుండి అయ్యేది బస్సు ఖర్చు, పుస్తకాలు, పరీక్ష ఫీజు. యాజమాన్య కోటాలో చేరితే ఆ సహాయం రాదు. కొత్త చోట ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 3 లక్షలు. మూడేళ్ళకు 9 లక్షలని తండ్రి వేసుకొన్న లెక్క. మొదటి సంవత్సరం మరల చదవాలి కనుక అది 12 లక్షలయింది. స్థలం అమ్మినా, చేతిలో ఉన్నది కలిపినా 6 లక్షలు. మిగిలిన 6 లక్షలు అప్పు.

6 లక్షలు బ్యాంకులో నూటికి 10 శాతం వార్షిక వడ్డీకి తీసుకొని 5 ఏళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 12,750 రూపాయలు కట్టాలి. చదువుకొనే కాలంలో చేరే వడ్డీ దీనికి అదనం. అదే 6 లక్షలు ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 12,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు అప్పుకు చివర ఉన్నది, చేబదులు వడ్డీకి చివర లేదు. విద్యా రుణంలో తండ్రి గాని తల్లి గాని కూడా సంతకం చేస్తారు. కొడుకు కట్టలేకపోతే బ్యాంకువారు షెడ్డుకే వస్తారు.

2024లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం క్రింద హామీ లేకుండా రుణాలు ఇస్తున్నారు. అయితే అవి ర్యాంకులలో ముందున్న ఎంపిక చేసిన సంస్థల్లో ప్రతిభ మీద సీటు సంపాదించిన వారికే. మీరు చేరబోయే సంస్థ ఆ జాబితాలో ఉన్నదో లేదో ముందుగా చూచుకోండి.

రాధాకృష్ణన్ గారు మారిన తీరు

"పేదవాడు పెద్ద కాలేజీకి పోకూడదా అండీ?" అని ఆ అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. తప్పక పోవచ్చు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తిరుత్తణిలో చాలీచాలని రాబడి గల తెలుగు కుటుంబంలో పుట్టారు. వేలూరు ఊరీస్ కళాశాలలో ఎఫ్.ఎ. చదివి, తరువాత మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు మారారు. రెండూ మిషనరీ కళాశాలలే. స్కాలర్‌షిప్పులతో చదివారు. బంధువు ఒకరు తాను చదివి ముగించిన తత్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చాడు. కొనే పని తప్పింది కనుక అదే విషయం తీసుకొన్నారు. ఆ తత్వశాస్త్రమే ఆయనను ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పీఠానికి తీసుకుపోయింది. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు, 1962లో రాష్ట్రపతి అయ్యారు.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. ఆయన చదువును మధ్యలో తెంచుకోలేదు. ఒక మెట్టు పూర్తిచేసి, పై మెట్టు మరొక చోట ఎక్కారు. ఈనాడు కూడా ఆ దారి ఉన్నది. ఉన్నచోట బి.టెక్. బాగా ముగించి, గేట్ పరీక్షలో అర్హత పొంది ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఉన్నది. ఆ దారిలో నెలకు ఇంచుమించు పన్నెండు వేలు ఇంటికి వస్తుంది. ఈ దారిలో అంతే సొమ్ము ఇంటినుండి పోతుంది.

మారవలసిన సందర్భాలు

అందరినీ ఉన్నచోటే ఉండమని చెప్పడం మా ఉద్దేశం కాదు. పేదల పిల్లలకు "ఉన్నదాంతో సరిపెట్టుకో" అని తరతరాలుగా చెప్పినవారు చాలామంది ఉన్నారు. మేము ఆ వరుసలో నిలబడము. కళాశాలకు గుర్తింపే లేకపోతే, ల్యాబులకు తాళం తీయకపోతే, ఆరు నెలలకొక అధ్యాపకుడు మారిపోతే, ఆడపిల్లకు భద్రత లేకపోతే తప్పక మారాలి. అలాంటి ఒక అమ్మాయి విషయంలో ఒక సంవత్సరం పోయినా సరే మారమని మేమే చెప్పాము.

ఈ సందర్భంలో మా తప్పు కూడా ఒప్పుకోవాలి. పెద్ద యూనివర్సిటీలో సీటు వచ్చిన వారి పేర్లను మేము ఆదివారం వేదిక మీదనుండి చదువుతాము. ఐ.టి.ఐ.లో చేరినవాణ్ణి, పాలిటెక్నిక్‌లో చేరినదాన్ని చదవము. ఆ చప్పట్ల కోసం స్థలాలు అమ్ముకొన్న కుటుంబాలు ఉంటే అందులో మా పాలు కూడా ఉన్నది. ఈ సంవత్సరం నుండి అందరి పేర్లూ చదువుతున్నాము.

వారం తరువాత ఆ నోటు పుస్తకం ముందు పెట్టుకొని నలుగురూ కూర్చున్నారు. ఈసారి చెల్లెలిని కూడా పిలిచాము. "నాకు ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకోవాలని ఉంది" అన్నది. ఆ మాట ఆ ఇంట్లో బయటికి రావడం అదే మొదటిసారి. అన్న చాలాసేపు మాట్లాడలేదు. అతనిది మెకానికల్ బ్రాంచి. "నీ బ్రాంచికి కావలసిన పని నేర్పే లేతు షెడ్లు మీ వీధిలోనే ఎన్ని ఉన్నాయి బాబూ?" అని అడిగాము. లెక్కపెట్టి నవ్వాడు.

అతను మారలేదు. సెలవుల్లో రోజూ ఒక లేతు షెడ్డుకు వెళ్ళి పని నేర్చుకొంటున్నాడు. గేట్‌కు చదువుతానన్నాడు. ముందు ఏమవుతుందో ఇప్పుడు చెప్పలేము. స్థలం మాత్రం అమ్మలేదు. చెల్లెలు ఇంటర్‌లో చేరింది. పోయిన ఆదివారం ఆమె పేరు కూడా చదివాము.