పొలమునకు విలువ కట్టుట: అయోవా కౌంటీల పద్ధతి

పన్ను రసీదు చేతికి వచ్చిన దినమున రైతు ఎంత చింతించినను ఫలము తక్కువ. ఆ పన్నుకు మూలమైన విలువ అంతకు ఎన్నియో నెలలకు పూర్వమే నిర్ణయమై యుండును. కావున పొలమునకు విలువ ఎవరు కట్టుదురు, దేనినిబట్టి కట్టుదురు, తప్పు దొరలినచో ఎప్పుడు చెప్పుకొనవలెను అను మూడు సంగతులను సేద్యగాడు తెలిసికొనుట అవసరము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో సేద్యమునకు పేరుపొందిన అయోవా రాష్ట్రపు పద్ధతి ఈ మూడింటిని చక్కగా విశదపరచును గనుక దానిని ఇచట వివరించుచున్నాము.

అయోవాలో మొక్కజొన్న, సోయాచిక్కుడు ముఖ్యమైన పైరులు. రాష్ట్రము 99 కౌంటీలుగా విభజింపబడి యున్నది. కౌంటీ యనగా మన జిల్లావలె ఒక పాలనాభాగము. ప్రతి కౌంటీకిని ఒక మదింపు అధికారి యుండును. కౌంటీ పాలకులు, పట్టణముల మేయర్లు, పాఠశాలా సంఘముల ప్రతినిధులు కూడిన సభ ఇతనిని 6 సంవత్సరములకు నియమించును. నియామకమునకు ముందు అతడు పరీక్షయందు ఉత్తీర్ణుడు కావలెను. బేసి సంఖ్యగల ప్రతి సంవత్సరమునను, జనవరి 1వ తేదీనాటి స్థితినిబట్టి, భూములకును ఇండ్లకును మరల విలువ కట్టుదురు. మద్రాసు రాజధానిలో రైత్వారీ బందోబస్తు సామాన్యముగా 30 సంవత్సరములు నిలిచెడిది. అయోవాలో రెండేండ్లకొకమారు లెక్క మారుటచే ధరల హెచ్చుతగ్గులు త్వరగా మదింపున కనబడును. రైతు కూడ అంత తరచుగా జాగ్రత్త వహింపవలసి యుండును.

ఇంటికి విలువ కట్టునప్పుడు అంగడిలో అమ్మిన ఎంత ధర పలుకునో చూతురు. పొలమునకు అట్లు చేయరు. పట్టణము దాపున నున్న పొలమును ఇండ్ల స్థలములకై కొనువారు గొప్ప ధర యిత్తురు. కాని దున్నుకొని జీవించు రైతునకు ఆ ధరతో నిమిత్తము లేదు. అతనికి వచ్చునది పంటమాత్రమే. అమ్మకపు ధరనుబట్టి పన్ను వేసినచో, పన్ను చెల్లించుటకే పొలమును అమ్ముకొనవలసిన గతి పట్టును. అందుచే పొలము విలువను దాని ఫలసాయమునుబట్టియు, నికరాదాయమునుబట్టియు కట్టవలెనని అయోవా చట్టము శాసించుచున్నది.

లెక్క ఇట్లు సాగును. కౌంటీలోని దిగుబడులు, పంట ధరలు, సాగు ఖర్చులు ఐదేండ్ల సగటున తీసి, ఎకరమునకు మిగులు నికరాదాయమును కనుగొందురు. ఆ ఆదాయమును నూటికి 7 వంతున వచ్చు వడ్డీగా భావించి అసలును కట్టుదురు. ఉదాహరణకు, ఎకరమునకు నికరాదాయము 140 డాలర్లైనచో విలువ 2,000 డాలర్లగును. ఐదేండ్ల సగటు గనుక ఒక యేటి అనావృష్టి గాని, ఒక యేటి అధిక ధర గాని విలువను తలక్రిందులు చేయజాలదు.

ఇట్లు వచ్చిన మొత్తమును కౌంటీలోని కమతములకు పంచుటకు నేల పరీక్షల పటములు ఆధారము. ప్రతి నేలకును మొక్కజొన్న సాగునకు అది ఎంత తగినదో తెలుపు అంకె కలదు. మేలైన నేలకు 100. తక్కిన సంగతులు సమానమైనచో 80 అంకెగల పొలమునకు 40 అంకెగల పొలముకంటె రెట్టింపు విలువ పడును. మన రైత్వారీ గ్రామములలో నేలలను తరములుగా విభజించిన పద్ధతికి ఇది దగ్గర చుట్టము. సాగునకు తగని పల్లములకు, అడవి పట్టులకు తగ్గింపు చేయుదురు.

విలువ పెరిగినంతమాత్రమున పన్ను పెరుగునని తలపరాదు. సంస్థల ఖర్చునకు కావలసిన సొమ్మును మొత్తము విలువపై పంచి పన్ను రేటు కట్టుదురు. ముగ్గురు రైతుల పొలముల విలువలు 1,000, 2,000, 3,000 డాలర్లనియు, రావలసిన పన్ను 60 డాలర్లనియు అనుకొందము. వెయ్యికి 10 చొప్పున వారు వరుసగా 10, 20, 30 చెల్లింతురు. ముగ్గురి విలువయు రెట్టింపైనచో రేటు 5 అగును, పన్ను మారదు. రెండవవాని విలువ మాత్రము 4,000 అయినచో రేటు ఏడున్నరకు దిగును. అతడు 20కి బదులు 30 చెల్లించును. తక్కినవారికి భారము తగ్గును. ఒకని మదింపులోని తప్పు ఇతరుల పన్నును కూడ మార్చునని దీనివలన స్పష్టము. నిజముగా ఖర్చులు కూడ ఏటేట పెరుగును. అందుచే రాష్ట్రమంతటి పొలముల పన్ను విలువ ఏటేట పెరుగుటకు చట్టము ఒక హద్దు పెట్టినది. 2013లో దానిని నూటికి 4 నుండి 3కి తగ్గించిరి.

మదింపు నోటీసు ఏప్రిల్ 1వ తేదీలోపల రావలెను. ఏప్రిల్ 2 నుండి 25 వరకు మదింపు అధికారితో మాటలాడి సరిచేసికొనవచ్చును. 30వ తేదీలోపల పునర్విచారణ సంఘమునకు లిఖితపూర్వకముగా అభ్యంతరము తెలుపవచ్చును. అచ్చట న్యాయము కలుగనిచో రాష్ట్ర అపీలు సంఘమునకు గాని, జిల్లా న్యాయస్థానమునకు గాని పోవచ్చును. పన్ను భారమైనదని మాత్రము చెప్పిన చాలదు. సాటి పొలములకంటె ఎక్కువ కట్టిరనియో, తరగతి తప్పు వ్రాసిరనియో, లెక్కలో పొరపాటు కలదనియో చూపవలెను. 2023 జనవరి మదింపుపై పన్ను చెల్లించునది 2024 సెప్టెంబరులోను, 2025 మార్చిలోను. బిల్లు చూచి మేలుకొను రైతునకు గడువు ఎన్నడో దాటిపోయి యుండును.

ఏ దేశమందైనను రైతు చేయవలసినది ఒక్కటే. తన పొలపు విస్తీర్ణము, నేల తరగతి, సాగు వివరములు ఖాతాలో ఎట్లు వ్రాయబడినవో స్వయముగా చదువవలెను. పొరుగు పొలములతో పోల్చవలెను. గడువులోపల కాగితము దాఖలు చేయవలెను. ఒంటరిగా చదువజాలనివారు సంఘమున కూర్చుండి పదిమందితో కలిసి చదివినచో తప్పులు త్వరగా బయటపడును. ఇట్టి సాయము చేయుట సహకార సభ్యుల ధర్మము.