సత్రంలో ఐదుగురు అతిథులు, ఒక దొంగ, బహుశా ఒక దెయ్యం



మీ పాప రాత్రిపూట దెయ్యం కథ చదువుతుంటే "వద్దమ్మా, నిద్ర పట్టదు" అని పుస్తకం తీసేసుకుంటున్నారా? దెయ్యం ఉన్న ప్రతి కథా భయపెట్టదు. ఇంగ్లిష్‌లో ‘కోజీ మిస్టరీ’ అనే తరహా ఉంది. రక్తపాతం కళ్లకు కట్టదు, క్రూరత్వం ఉండదు. ఒకే చోట చిక్కుకున్న కొద్దిమంది, వారిలో ఎవరో చేసిన తప్పు, దాన్ని ఆరా తీసే ఒక మామూలు మనిషి. అంతే.

6, 7 తరగతుల పిల్లలకు మేం సూచించేది కేట్ మిల్‌ఫర్డ్ రాసిన ‘గ్రీన్‌గ్లాస్ హౌస్’. 2014లో వచ్చింది, మరుసటి ఏడాది బాలల మిస్టరీ విభాగంలో ఎడ్గార్ అవార్డు అందుకుంది. కొండమీద పాత సత్రం, ఒకప్పటి స్మగ్లర్ల స్థావరం. దాన్ని నడిపే దంపతుల కొడుకు పన్నెండేళ్ల మైలో. శీతాకాలం సెలవుల మొదటి రోజే హోమ్‌వర్క్ ముగించేద్దామని కూర్చుంటాడు (ఇంత బుద్ధిమంతుడు కథల్లోనే దొరుకుతాడేమో!). అంతలో గంట మోగుతుంది. ఒకరి వెనుక ఒకరు ఐదుగురు అతిథులు దిగుతారు. బయట మంచు, లోపల వస్తువులు మాయం. దెయ్యం సంగతి ఇక్కడ చెప్పం. మీరు ముందే చదివినా పిల్లలకు చెప్పకండి.

దీనివల్ల చదువుకు లాభమేమిటంటారా? కాంప్రెహెన్షన్ ప్రశ్నలకు జవాబు చాలాసార్లు పేరాలోనే దొరుకుతుంది. ఇక్కడ అలా కాదు. అతిథి చెప్పేదొకటి, చేసేదొకటి. ఆ తేడా పట్టుకోవాలంటే ఇరవై పేజీలు వెనక్కి వెళ్లాలి. ఎవరూ చెప్పకుండానే పిల్లలు వెనక్కి వెళ్తారు. ఎందుకంటే దొంగ ఎవరో వాళ్లకు కావాలి.

కాబట్టి దయచేసి దీన్ని కూడా పరీక్షగా మార్చకండి. అర్థాలు రాయించవద్దు. భోజనాల దగ్గర "నీకెవరి మీద అనుమానం? ఎందుకు?" అని తెలుగులోనే అడగండి. మీ అనుమానమూ చెప్పండి, తప్పితే ఇంకా మంచిది. పిల్లలు వదిలిపెట్టరు! ఇంట్లో తాతయ్యగారుంటే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ సంగతి కదపండి, ఆయన వైపు నుంచీ ఓ కథ బయటికొస్తుంది.

రెండు జాగ్రత్తలు. మైలో దత్తపుత్రుడు. కన్నవాళ్ల గురించి ఆలోచిస్తాడు, అలా ఆలోచించినందుకు తనలో తానే నొచ్చుకుంటాడు. అమ్మానాన్నలు మాత్రం అతన్ని ప్రాణంగా చూసుకుంటారు. మీ ఇంట్లోనో, దగ్గరి బంధువుల్లోనో దత్తత తీసుకున్న బిడ్డ ఉంటే ముందు మీరు చదవండి, ప్రశ్నలు తప్పక వస్తాయి. రెండోది, పుస్తకం పెద్దది, మూడు వందల పేజీలు దాటుతుంది, ఆరంభం కాస్త నెమ్మది. మొదటి రెండు అధ్యాయాలు మీరు పైకి చదివి వినిపించండి. రాత్రి భయం వేస్తుందంటే సాయంత్రం చదవనివ్వండి. అప్పటికీ మనసు పట్టకపోతే పక్కన పెట్టేయనివ్వండి, బలవంతం వద్దు. దసరా సెలవుల్లో తనే మళ్లీ తీయవచ్చు.