దగ్గితే మూత్రం ఎందుకు జారుతుంది? ఆపడం ఎలా?

దగ్గినా, తుమ్మినా, పకపకా నవ్వినా, కొబ్బరికాయల గంప ఎత్తినా చుక్కలు పడి బట్ట తడుస్తుంది. పిల్లల్ని కన్నాక ఇది మామూలేనని ఆడవాళ్ళు సరిపెట్టుకుంటారు. చాలామందికి వచ్చేదే గానీ, మందూ కోతా లేకుండా తగ్గించుకునే దారి ఉంది.

ఎందుకు జారుతుంది?

ముందు పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు పరుచుకుని ఉంటాయి. మూత్రసంచినీ గర్భసంచినీ మోసేవి అవే. దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మూత్రసంచిని నొక్కుతుంది. ఆ క్షణంలో ఈ కండరాలు బిగిసి మూత్రనాళాన్ని మూసిపెట్టాలి. కాన్పుల్లో సాగినా, ముట్లుడిగినా, ఒళ్ళు పెరిగినా, దగ్గు ఎంతకీ తగ్గకపోయినా వాటి పట్టు సడలుతుంది. నులక వదులైన మంచంలా కుంగుతాయి. నులక మళ్ళీ బిగించుకున్నట్టే వీటినీ బిగించుకోవచ్చు.

నీళ్ళు తాగడం తగ్గిస్తే?

అంతర్వేది తీర్థానికి బస్సెక్కాలని పొద్దుటినుంచీ నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి సంచిని రేపుతుంది. మలబద్ధకం వస్తుంది. ముక్కేకొద్దీ ఆ కండరాలే ఇంకా సాగుతాయి.

ఏ కండరమో తెలిసేదెలా?

నలుగురిలో అపానవాయువు రాకుండా బిగబడతాం కదా, అలా వెనక నుంచి మొదలుపెట్టి ముందు మూత్రం ఆపుకున్నట్టుగా లోపలికి, పైకి లాగండి. పిరుదులు, తొడలు బిగించకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. కొందరు తెలియక కిందికి ముక్కుతారు. అది చేటు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం అలవాటుగా చేయకూడదు.

ఎంతసేపు, ఎన్నాళ్ళు?

బిగించి కొన్ని సెకన్లు పట్టి ఉంచి, మళ్ళీ అంతేసేపు పూర్తిగా వదలండి. నెమ్మదిగా 10 సెకన్లకు పెంచండి. పూటకు కనీసం 8 సార్లు, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు. మొదట పడుకుని, పట్టు దొరికాక కూర్చుని, నిలబడి చేయాలి. తగ్గాక కూడా మానకూడదు.

దగ్గు వచ్చినప్పుడు ఏం చేయాలి?

గొంతులో గరగర మొదలవగానే బిగించి, అప్పుడు దగ్గండి. గంప ఎత్తేముందూ అంతే. ఈ ముందస్తు బిగింపును మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 27 మంది పెద్దవయసు స్త్రీలకు నేర్పితే, వారం తిరిగేసరికే దగ్గినప్పుడు జారడం బాగా తగ్గిందని 1998లో రాశారు. బలం రావడానికి నెలలు పడుతుంది, అదను మాత్రం వారంలో పట్టుబడుతుంది.

నిజంగా నయమవుతుందా?

అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అందుకే కెగెల్ వ్యాయామం అంటారు. పలు పరిశోధనలను కలిపి చూసిన 2018 నాటి కోక్రేన్ సమీక్షలో, ఇది చేసినవారిలో నూటికి 56 మంది నయమైందన్నారు. చేయనివారిలో 6 మందే.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

మంట, రక్తం, ఆపుకోలేని తొందర, కిందికి ఏదో జారినట్టు అనిపించడం ఉంటే ఆలస్యం చేయొద్దు. బిగింపు సరిగా ఉందో లేదో అనుమానమైనా, 3 నెలలకూ గుణం కనిపించకపోయినా అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఏది దగ్గరైతే అక్కడి ఆసుపత్రిలో స్త్రీల డాక్టరుకు చూపించుకోండి. “దగ్గితే మూత్రం పడుతోందండీ” అంటే చాలు, మిగతా ప్రశ్నలు ఆవిడే వేస్తారు.